రోగి ఉన్న ఇంట్లో గ్యాస్ స్టవ్: వాడకం, శుభ్రం, జాగ్రత్తలు

డిశ్చార్జి కాగితాలు చేతికి వచ్చిన రోజు మీరు మమ్మల్ని అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. మాత్రలు తిన్నాక వేయాలా, తినకముందా? పథ్యం ఎన్నాళ్ళు? స్నానం చేయించవచ్చా? మళ్ళీ ఎప్పుడు చూపించాలి? వీటన్నింటికీ జవాబులు రాసి ఇస్తాం. కానీ ఇంటికి వెళ్ళాక పొద్దున్న నుంచి రాత్రి వరకు వెలిగే గ్యాస్ స్టవ్ గురించి మాత్రం ఎవరూ అడగరు. అది మామూలుగా ఉన్నదే కదా, కొత్తగా అడిగేదేముంది అనుకుంటారు.

నిజానికి రోగి ఇంటికి వచ్చిన రోజు నుంచే ఆ స్టవ్‌కి పని రెట్టింపవుతుంది. తెల్లవారుజామున జావ, వేళకు కాచి చల్లార్చిన నీళ్ళు, కాపడానికి వేడినీళ్ళు, రాత్రి పడుకోబోయే ముందు పాలు. స్టవ్ ముందు నిలబడే మనిషి కూడా పది రోజులుగా ఆసుపత్రి బెంచీ మీద కునికిపాట్లు పడి అలసిపోయిన మనిషే. పని ఎక్కువై నిద్ర తక్కువైన చోట స్టవ్ దగ్గర పొరపాటు జరగడం ఎంతసేపు?

మా ఇంటి సంగతే చెబుతాను. సైదాబాద్‌లో మాది రెండు గదుల అద్దె ఇల్లు. నాన్నగారికి ఆపరేషన్ అయి ఇంటికి వచ్చిన మూడో రాత్రి అమ్మ స్టవ్ మీద పాలు పెట్టింది. ఇంతలో ఆయన మూలిగితే గదిలోకి వెళ్ళింది. పాలు పొంగి మంట ఆరిపోయింది, నాబ్ తెరిచే ఉంది. అమ్మకు నాలుగు రోజులుగా జలుబు కావడంతో వాసన తెలియలేదు. నాన్నగారి మంచం పక్కన నేల మీద కూర్చుని అలాగే నిద్రపోయింది. నేను రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చి తలుపు తీయగానే గుప్పున వాసన కొట్టింది. చీకటి. అలవాటుగా నా చెయ్యి స్విచ్ బోర్డు మీదికి వెళ్ళింది. అంతవరకు వెళ్ళి ఆగింది. ఆ లైటు వేసి ఉంటే ఈ వ్యాసం రాయడానికి నేను ఉండేదాన్ని కాదేమో. నలుగురికీ జాగ్రత్తలు చెప్పే ఉద్యోగం చేస్తున్న నాకే చెయ్యి ముందుకు వెళ్ళింది. తెలిసి ఉండటం వేరు, ఆ క్షణంలో గుర్తు రావడం వేరు. అందుకే మీతో ఈ నాలుగు మాటలు.

కనిపించని నిప్పు

మన అమ్మమ్మలు కట్టెల పొయ్యి మీద వండారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకంతోనూ, 2016లో వచ్చిన ఉజ్జ్వల పథకంతోనూ ఎన్నో పేద ఇళ్ళలోకి గ్యాస్ వచ్చింది. పొగ పోయింది, ఆడవాళ్ళ ఊపిరితిత్తులకు మేలు జరిగింది. అయితే కట్టెల పొయ్యిలో ప్రమాదం కంటికి కనిపిస్తుంది. గ్యాస్‌లో కనిపించదు. కాబట్టి దాని స్వభావం కాస్త తెలుసుకోవాలి.

సిలిండర్‌లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ అనే వాయువుల మిశ్రమం. ఒత్తిడి మీద దాన్ని ద్రవంగా మార్చి నింపుతారు. బయటికి వస్తే ఒక లీటరు ద్రవం సుమారు 250 లీటర్ల వాయువు అవుతుంది. దానికి సొంతంగా వాసన లేదు. మనకు తెలిసే ఆ కుళ్ళు వాసన మెర్కాప్టాన్ అనే పదార్థానిది. లీకైతే మనం పసిగట్టాలని కంపెనీవారు కావాలనే కలుపుతారు. గాలిలో గ్యాస్ మండగలిగేంతగా చేరకముందే, అందులో ఐదో వంతు ఉన్నప్పుడే వాసన తెలిసేలా కలపాలని నియమం. అంటే వాసన మనకు ముందుగా వచ్చే హెచ్చరిక. ముక్కు పనిచేస్తేనే సుమా!

రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఈ గ్యాస్ గాలి కన్నా బరువైనది. పొగలా పైకి పోదు, నీళ్ళలా కిందికి దిగుతుంది. గడప దాటి పక్క గదిలోకి పాకుతుంది, మంచం కిందికి, స్నానాల గది తూములోకి చేరుతుంది. పైన కిటికీ తెరిచి ఉంది కదా అని ధైర్యపడటానికి లేదు. నేల దగ్గర గాలి కదలాలి, అంటే తలుపు తెరవాలి.

చిన్న లెక్క చూడండి. గాలిలో నూటికి రెండు వంతుల గ్యాస్ చేరితే చాలు, నిప్పురవ్వ తగిలినప్పుడు అంటుకుంటుంది. ఎనిమిది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు ఉన్న వంటగదిలో నేల మీద ఒక అడుగు ఎత్తు వరకు ఆ రెండు వంతులు నిండటానికి 60 గ్రాములు సరిపోతుంది. ఇంట్లో వాడే బర్నర్ గంటకు సుమారు 100 నుంచి 150 గ్రాముల గ్యాస్ వదులుతుంది. పాలు పొంగి మంట ఆరిపోయి, నాబ్ తెరిచి ఉన్న స్టవ్‌కి అరగంట చాలన్నమాట. నిండు సిలిండర్‌లో ఉండేది 14.2 కిలోలు!

హైదరాబాద్‌లో కొన్ని కాలనీలకు భాగ్యనగర్ గ్యాస్ సంస్థ పైపుల ద్వారా సహజవాయువు ఇస్తోంది. అది మీథేన్, గాలి కన్నా తేలిక. లీకైతే పైకప్పు దగ్గర చేరుతుంది. ఆ కనెక్షన్ ఉన్నవారు పైన గాలి పోయే దారి మూయకూడదు. మిగతా జాగ్రత్తలన్నీ ఇద్దరికీ ఒకటే.

సిలిండర్, పైపు

సిలిండర్ ఎప్పుడూ నిలువుగానే ఉండాలి. గ్యాస్ అయిపోవచ్చినప్పుడు దాన్ని పడుకోబెట్టడం, వేడినీళ్ళ టబ్బులో నిలబెట్టడం మన ఇళ్ళలో ఇంకా కనిపిస్తూనే ఉంది. పడుకోబెడితే వాయువుకు బదులు ద్రవమే పైపులోకి వస్తుంది, మంట ఒక్కసారిగా లేస్తుంది. మిగిలిన ఆ చివరి గ్యాస్‌తో అయ్యేది ఒక పూట టీ. దానికోసం ఇంత సాహసం అక్కరలేదు.

స్టవ్ వంటగట్టు మీద, సిలిండర్ నేల మీద ఉండాలి. గట్టు కింద అలమరాలో పెట్టి తలుపు మూసేవారు ఆ తలుపుకు నేల దగ్గర రంధ్రాలు పెట్టించుకోండి. లేకపోతే లీకైన గ్యాస్ అంతా అలమరాలోనే పోగవుతుంది, మీరు తలుపు తీసినప్పుడు కానీ తెలియదు.

పైపు విషయంలో మాత్రం పొదుపు పనికిరాదు. లోపల ఉక్కు తీగ అల్లిక ఉండే నారింజ రంగు సురక్ష పైపు, ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నదే వాడండి. పొడవు ఒకటిన్నర మీటరు మించకూడదు. అయిదేళ్ళకోసారి తప్పక మార్చాలి. ఎప్పుడు కొన్నారో గుర్తుండదు కాబట్టి కొన్నరోజే తేదీని చిన్న కాగితం మీద రాసి స్టవ్ అడుగున అంటించండి. పైపు మీద గుడ్డ తొడుగు వేయకండి. చూడటానికి బాగుంటుంది కానీ పగుళ్ళు దాక్కుంటాయి. నెలకోసారి పైపును కొద్దిగా వంచి, పొడవునా చూడండి. ఎలుకలు కొరికిన గాట్లు ఎక్కువగా గోడవైపు, కంటికి కనిపించని చోట ఉంటాయి.

కొత్త సిలిండర్ వచ్చినప్పుడు సీలు చూడండి. పైన పట్టుకునే రింగును ఆనుకుని ఉన్న పట్టీల్లో ఒకదాని లోపలివైపు ఒక అక్షరం, ఒక అంకె ఉంటాయి. అది సిలిండర్‌ను మళ్ళీ పరీక్షించాల్సిన గడువు. ఎ అంటే మార్చి, బి అంటే జూన్, సి అంటే సెప్టెంబరు, డి అంటే డిసెంబరు. డి-27 అని ఉంటే 2027 డిసెంబరు వరకు గడువుందని అర్థం. గడువు దాటినదాన్ని తీసుకోకండి. బిగించేముందు మూత తీసి వాల్వు లోపల నల్లటి రబ్బరు రింగు ఉందో లేదో చూడండి. అది లేకపోయినా, చిరిగినా రెగ్యులేటర్ ఎంత గట్టిగా బిగించినా లీకవుతుంది. ఇవన్నీ సిలిండర్ తెచ్చిన అబ్బాయి ఉండగానే చేయాలి. అతను తొందరపడతాడు, నిజమే. ఎండలో నాలుగు అంతస్తులు మోసుకొచ్చినవాడు మరి. ఒక గ్లాసు మంచినీళ్ళిచ్చి రెండు నిమిషాలు ఆగమనండి.

లీకు అనుమానం ఉంటే సబ్బు నీళ్ళ నురగ పైపు అతుకుల మీద, రెగ్యులేటర్ చుట్టూ రాయండి. బుడగలు లేస్తే లీకు ఉన్నట్టే. అగ్గిపుల్ల గీసి చూడటం మాత్రం ఎవరు చెప్పినా వినకండి. ఒంటరిగా ఉండే విద్యార్థులు, కూలి పనులకు వచ్చినవారు చిన్న సిలిండర్లలో దుకాణాల దగ్గర గ్యాస్ నింపించుకుంటారు. అది చట్టవిరుద్ధం, చాలా అపాయం కూడా. అయిదు కిలోల సిలిండర్లు కంపెనీలే అధికారికంగా అమ్ముతున్నాయి, అవి తీసుకోండి.

స్టవ్ శుభ్రం: ఎప్పుడు, ఎలా

స్టవ్ శుభ్రం అందం కోసమేనని చాలామంది అభిప్రాయం. ఒకసారి మీ స్టవ్ మంట రంగు చూడండి. నీలంగా, నిలకడగా ఉంటే గ్యాస్ పూర్తిగా మండుతోందని అర్థం. పసుపు పచ్చగా ఊగుతూ, గిన్నెల అడుగున మసి పడుతుంటే బర్నర్‌కి చాలినంత గాలి అందడం లేదు. రంధ్రాలు మూసుకుపోయాయి, లేదా బర్నర్ తడిగా ఉంది. అలా సగం మండినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగూ వాసనా లేవు. ఆస్తమా, గుండెజబ్బు ఉన్నవారికి, గర్భిణులకు, పసిపిల్లలకు అది మరీ చేటు. వంటగదిలో ఎక్కువసేపు ఉంటే తలనొప్పి, వికారం వస్తున్నాయని, బయటికి వస్తే తగ్గుతున్నాయని చెప్పే ఆడవాళ్ళు ఉంటారు. ఆ మాట విన్నప్పుడు మాత్రల కన్నా ముందు స్టవ్ మంట చూడాలి, కిటికీ చూడాలి.

ఇక పద్ధతి. ముందుగా రెగ్యులేటర్ కట్టేయాలి. స్టవ్ నాబ్ ఒక్కటే కట్టేస్తే చాలదు, ఎందుకంటే తుడిచేటప్పుడు చెయ్యి తగిలి నాబ్ తిరగడం మామూలే. స్టవ్ చల్లారేవరకు ఆగండి. రాత్రి వంట పూర్తయ్యాక తుడుద్దామంటే నిద్ర ముంచుకొస్తుంది. పొద్దున్న మొదటి టీకి ముందు తుడుచుకోవడం నా అలవాటు. స్టవ్ చల్లగా ఉంటుంది, మనసూ స్థిమితంగా ఉంటుంది.

గిన్నె నిలిపే స్టాండ్లు, కింద పళ్ళేలు, బర్నర్ తలలు తీసి వేడినీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు కలిపి అరగంట నానబెట్టండి. ఇత్తడి బర్నర్లు నల్లబడితే చింతపండు, ఉప్పు వేసి తోమండి. మన ఇత్తడి బిందెలకు చేసేదే. ఇంకా జిడ్డు ఉంటే తినే సోడా చల్లి రుద్దండి. రంధ్రాల్లో ఇరుక్కున్న అన్నం మెతుకులు, పాల చారలు పిన్నుతో ఒక్కొక్కటీ తీయండి. అయితే బర్నర్ తల తీశాక కింద కనిపించే గ్యాస్ వచ్చే సన్నటి ముక్కులో మాత్రం పిన్ను, సూది పెట్టకండి. ఆ రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా గ్యాస్ ఎక్కువగా వచ్చి మంట పసుపుగా మారుతుంది. అది మెకానిక్ పని. నాబ్ బిగుసుకుపోతే వంటనూనె పోసి తిప్పడం కూడా తప్పే. నూనె ఎండి జిగురవుతుంది, నాబ్ సగంలో ఆగిపోతుంది, కట్టేశామనుకుంటాం కానీ పూర్తిగా మూతపడదు.

కడిగిన బర్నర్లను పొడిగుడ్డతో తుడిచి, బోర్లించి, పూర్తిగా ఆరాకే బిగించండి. తడి ఆరలేదని స్టవ్ వెలిగించి ఆరబెట్టకండి. తల సరిగ్గా గాడిలో కూర్చుందో లేదో వేలితో కదిపి చూడండి. పక్కకు ఒరిగి ఉంటే మంట ఒకవైపే వస్తుంది, కొన్నిసార్లు అడుగు నుంచి అంటుకుంటుంది.

గాజు స్టవ్ ఉన్నవారు వేడిగా ఉన్న గాజు మీద చన్నీళ్ళ గుడ్డ వేయకండి. పగిలితే ఒక్కసారిగా ముక్కలు ముక్కలవుతుంది. ఇనుప పీచుతో రుద్దితే గీతలు పడి గాజు బలహీనమవుతుంది, మెత్తటి గుడ్డే వాడాలి. పైపును సబ్బు ఇంకేలా కడగక్కరలేదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. పాలు పొంగినా, పప్పు పొంగినా మాత్రం మర్నాటి వరకు ఆగకుండా స్టవ్ చల్లారగానే తుడవండి. ఒకసారి మాడి గట్టిపడితే ఆ రంధ్రం మూసుకుపోయినట్టే.

ఓవెన్ ఉన్న ఇళ్ళు

గ్యాస్ ఓవెన్ మన పేటలో తక్కువ. ఉన్నా పదకొండు నెలలు పాత న్యూస్ పేపర్లకు, ప్లాస్టిక్ డబ్బాలకు అలమరాలా పనికొస్తుంది. డిసెంబరులో కేకు చేద్దామని ఎవరో వెలిగిస్తారు. కాబట్టి మొదటి సూత్రం, వెలిగించేముందు తలుపు తీసి లోపల ఏమున్నాయో చూడటం. రెండోది, ముందు అగ్గిపుల్ల గీసి ఆ తర్వాతే గ్యాస్ తెరవాలి. గ్యాస్ తెరిచి అగ్గిపెట్టె వెతుక్కుంటే ఆ పెట్టెలాంటి చోట గ్యాస్ నిండిపోయి, పుల్ల చూపగానే మంట మొహం మీదికి వస్తుంది. నాలుగైదు క్షణాల్లో అంటుకోకపోతే కట్టేసి, తలుపు బార్లా తెరిచి అయిదు నిమిషాలు ఆగి మళ్ళీ ప్రయత్నించండి. అంటుకున్నాక బర్నర్ పొడవునా మంట వచ్చిందో లేదో చూసి తలుపు వేయాలి. చలికాలంలో ఓవెన్ తలుపు తెరిచి గది వేడి చేసుకోవడం, మూసిన గదిలో స్టవ్ వెలిగించి బాలింతకు వెచ్చదనం ఇవ్వడం ఎన్నడూ చేయవద్దు. ఇందాక చెప్పిన కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఓవెన్ శుభ్రం చేసేటప్పుడు గ్యాస్ కట్టేసి, పూర్తిగా చల్లారాక తినే సోడా ముద్ద పూసి రాత్రంతా ఉంచి తుడిస్తే జిడ్డు వస్తుంది. బర్నర్ మీద మాత్రం అది పడకూడదు. ఘాటైన రసాయనాలు వాడితే కిటికీలు తెరిచి, రబ్బరు తొడుగులు వేసుకోండి. ఆస్తమా ఉన్నవారిని ఆ పూట ఆ దరికి రానీయకండి. ఓవెన్ లేనివారు బాధపడనవసరం లేదు. కుక్కర్ అడుగున ఇసుక పోసి, గాస్కెట్, విజిల్ తీసి సన్నమంట మీద చేసిన కేకు తిన్నవారికి దాని రుచి తెలుసు.

రోగిని బట్టి జాగ్రత్త

ఇది జాగ్రత్తగా చదవండి. మీ ఇంటి రోగికి వర్తించేది ఏదో మీకే తెలుస్తుంది.

ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకునేవారు: 2021లో కోవిడ్ రెండో దశ తర్వాత చాలామందికి ఇంట్లో ఆక్సిజన్ సిలిండర్, కాన్సంట్రేటర్ అలవాటయ్యాయి. ఆక్సిజన్ దానంతట అది మండదు. కానీ ఆక్సిజన్ ఎక్కువగా ఉన్నచోట చిన్న నిప్పు పెద్దదవుతుంది, మామూలుగా అంటుకోని బట్ట కూడా భగ్గుమంటుంది. రోగి జుట్టు, దుప్పటి, దిండు ఆక్సిజన్‌ను పట్టి ఉంచుకుంటాయి. అందుకని స్టవ్‌కి, దీపానికి, అగరుబత్తికి, సాంబ్రాణికి, కొవ్వొత్తికి, బీడీ సిగరెట్లకు ఆక్సిజన్ కనీసం పది అడుగుల దూరంలో ఉండాలి. ముక్కు గొట్టం పెట్టుకున్న మనిషి "టీ ఒక్కటి నేనే పెట్టుకుంటాను" అని స్టవ్ దగ్గరికి వెళ్ళకూడదు. గొట్టం తీసినా వెంటనే వెళ్ళకూడదు, బట్టలకు గాలి తగిలేలా ఓ ఇరవై నిమిషాలు ఆగాలి. ముక్కు ఎండిపోతోందని వాజిలైన్, కొబ్బరినూనె రాయకండి. నీటి ఆధారమైన జెల్ ఏది వాడాలో నర్సును అడగండి. ఆక్సిజన్ సిలిండర్ మీటరుకు నూనె చేతులు తగలనీయకండి.

ఒకే గది ఉన్న ఇంట్లో పది అడుగులు ఎక్కడి నుంచి వస్తాయని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఇది దిద్దుకోవడానికి మాకు తెలిసిన దారులు రెండు. వంట చేసేంతసేపు రోగి మంచం తలుపు దగ్గరికో వరండాలోకో జరపడం, లేదా స్టవ్‌నే బయటికి మార్చడం. రెండూ కుదరకపోతే డిశ్చార్జికి ముందే మాకు చెప్పండి. పక్కింటివారి వంటగదిలో రెండు పూటలు వండుకునే ఏర్పాటు చేసుకున్న కుటుంబాలు ఉన్నాయి. అడగడానికి మొహమాటపడకండి.

వాసన తెలియనివారు: వయసు మీద పడినవారిలో, ముక్కులో కండ పెరిగినవారిలో, కోవిడ్ తర్వాత కొందరిలో వాసన పట్టే శక్తి తగ్గుతుంది. మామూలు జలుబు చాలు, మా అమ్మకు జరిగింది అదే. అటువంటివారు ఇంట్లో ఒంటరిగా వంట చేస్తుంటే గ్యాస్ లీకును పసిగట్టి మోగే చిన్న పరికరం కొనిపెట్టండి. సిలిండర్ గ్యాస్ అయితే దాన్ని నేలకు దగ్గరగా, పైపు గ్యాస్ అయితే పైకప్పు దగ్గర బిగించాలి. అది కొనలేకపోతే రాత్రి పడుకోబోయే ముందు ఇంట్లో ఇంకొకరు రెగ్యులేటర్ కట్టేసి ఉందో లేదో చెయ్యి పెట్టి చూడటం నియమంగా పెట్టుకోండి.

మూర్ఛ ఉన్నవారు: ఇంట్లో ఎవరూ లేనప్పుడు స్టవ్ దగ్గరికి వెళ్ళకపోవడమే మంచిది. తప్పనిసరి అయితే గోడవైపు బర్నర్ వాడాలి, గిన్నె పిడి లోపలికి తిప్పి పెట్టాలి. మరుగుతున్న గిన్నెను మోసుకుపోకుండా, పళ్ళేన్ని గిన్నె దగ్గరికి తెచ్చుకుని వడ్డించుకోవాలి. మందు ఒక పూట మానినా ఫిట్స్ రావచ్చు, అది మరిచిపోకండి.

షుగర్ ఉన్నవారు: అరికాళ్ళలో, వేళ్ళలో స్పర్శ తగ్గినవారికి కాలింది కూడా తెలియదు. మసిగుడ్డ లేకుండా వేడి గిన్నె పట్టుకోకూడదు. కాపడం నీళ్ళ వేడిని వేరొకరు మోచేతితో చూసి ఇవ్వాలి.

ఆవిరి పట్టడం: స్టవ్ మీద మరుగుతున్న గిన్నె మీదే దుప్పటి కప్పుకుని కూర్చునేవారు ఉన్నారు. దుప్పటి అంచు మంటకు తగులుతుంది, గిన్నె ఒళ్ళో పడుతుంది. స్టవ్ ఆర్పి, గిన్నెను వెడల్పాటి బల్ల మీద పెట్టి పట్టాలి. పిల్లలకైతే అసలు ఇలా పట్టవద్దు.

శానిటైజర్, స్పిరిట్: కట్టు మార్చి, చేతులకు శానిటైజర్ రాసుకుని వెంటనే లైటర్ నొక్కకండి. ఆల్కహాల్ మంట వెలుతురులో కనిపించను కూడా కనిపించదు. చేతులు పూర్తిగా ఆరాలి. సబ్బుతో కడుక్కుంటే ఈ చింతే లేదు.

వాసన వస్తే

మళ్ళీ ఆ రాత్రి మా ఇంటికి వద్దాం. స్విచ్ వేయలేదు. చీకట్లోనే తలుపు బార్లా తెరిచి, అమ్మను లేపాను. ఇద్దరం కలిసి నాన్నగారిని దుప్పటితో సహా బయటికి తెచ్చాం. తర్వాత ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్ళి నాబ్, రెగ్యులేటర్ కట్టేసి కిటికీలు తెరిచాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ రెండోసారి లోపలికి వెళ్ళడం అంత తెలివైన పని కాదు. వాసన అంత ఘాటుగా ఉన్నప్పుడు మనుషులను బయటికి తెచ్చి ఆగిపోవాలి.

మీరు చేయవలసింది ఇది. వాసన కొద్దిగా ఉంటే నాబులు, రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు కిటికీలు తెరవండి. దీపం, అగరుబత్తి, దోమల చుట్ట ఉంటే ఆర్పండి. స్విచ్‌లు వేయకండి, వేసి ఉన్నవి తీయకండి. వేసినా తీసినా లోపల చిన్న రవ్వ పుడుతుంది. ఫ్యాను వేస్తే గ్యాస్ పోతుందనుకోవడం ప్రమాదకరం. ఫ్రిజ్ కూడా దానంతటదే ఆన్ అవుతూ ఉంటుంది. కుదిరితే ఇంటి బయట ఉన్న మెయిన్ కట్టేయండి. ఫోను బయటికి వచ్చాకే వాడండి. గ్యాస్ లీకులకు 1906 నంబరు ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. మంటలు అంటుకుంటే 101. పై అంతస్తువారికి, పక్కవాటావారికి తలుపు తట్టి చెప్పండి, కాలింగ్ బెల్ నొక్కకండి.

బాణలిలో నూనె అంటుకుంటే నీళ్ళు పోయవద్దు. మండే నూనె ఎగిరి మీద పడుతుంది. స్టవ్ కట్టేసి, పక్కనుంచి జరుపుతూ మూత పెట్టండి, చల్లారేవరకు తీయకండి. ప్రతి వంటగదిలోనూ బాణలికి సరిపోయే మూత ఒకటి చేతికందేలా ఉంచుకోవడం పెద్ద పనేం కాదు.

కాలితే

బట్టలు అంటుకున్న మనిషి పరుగెత్తకూడదు. నేల మీద పడుకోబెట్టి దొర్లించండి, మందపాటి దుప్పటి కప్పండి. నైలాన్ చీర, చున్నీ కరిగి ఒంటికి అంటుకుంటాయి. వంట చేసేటప్పుడు నూలు బట్టలు కట్టుకుని, కొంగు నడుముకు దోపుకోమని పెద్దలు చెప్పింది ఇందుకే.

కాలినచోట కుళాయి నీళ్ళు ధారగా ఇరవై నిమిషాలు పోయండి. ఇరవై నిమిషాలు చాలా ఎక్కువసేపనిపిస్తుంది, గడియారం చూసి పోయండి. ఐసు పెట్టకండి. పళ్ళ పేస్టు, సిరా, పసుపు, కాఫీ పొడి, వెన్న, దోసెల పిండి ఏదీ పూయకండి. ఇవి వేడిని లోపలే ఉంచుతాయి, చీము పట్టిస్తాయి. ఆసుపత్రిలో అదంతా గీకి తీయవలసి వస్తే ఆ నొప్పి భరించవలసింది మీ మనిషే. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు, మెట్టెలు తీసేయండి. అంటుకుపోయిన బట్ట లాగకండి. బొబ్బలు చిదమకండి. ఉతికిన పొడిబట్ట వదులుగా కప్పి తీసుకురండి. పసిపిల్లలు, ముసలివారు అయితే కాలినచోట తప్ప మిగతా ఒళ్ళు వెచ్చగా కప్పి ఉంచండి.

కాలిన భాగం రోగి అరచేతి కన్నా పెద్దదైనా, ముఖం, చేతులు, పాదాలు, కీళ్ళు, మర్మస్థానాలు కాలినా, పొగ పీల్చి గొంతు బొంగురుపోయినా ఇంట్లో ఉంచకండి, 108కి ఫోను చేయండి. ఈ సేవ మన హైదరాబాద్‌లోనే 2005 ఆగస్టు 15న మొదలైంది. ఇల్లు ఎక్కడో చెప్పేటప్పుడు ఐ.ఎస్. సదన్ చౌరస్తా, మాదన్నపేట మార్కెట్ లాంటి గుర్తు ఒకటి చెబితే అంబులెన్సు తొందరగా వస్తుంది.

ఇంకో మాట. గ్యాస్ ప్రమాదం జరిగితే రిజిస్టరు అయిన వినియోగదారులకు చమురు కంపెనీలు చేయించిన బీమా ఉంటుంది. చాలా కుటుంబాలకు ఈ సంగతి తెలియదు. డిస్ట్రిబ్యూటర్‌కి వెంటనే రాతపూర్వకంగా తెలపండి, ఆసుపత్రి బిల్లులు, కాగితాలు భద్రపరచండి.

ఈ పుస్తకం వెనుక అట్ట మీద ఖాళీ జాగా వదిలాం. అక్కడ మీ ఇంటి చిరునామా, దగ్గరి గుర్తు, 1906, 101, 108 పెద్ద అక్షరాలతో రాసి, చింపి, వంటగది తలుపుకు బయటివైపు అంటించండి. లోపలివైపు అంటిస్తే వాసన వచ్చిన రోజు దాన్ని చదవడానికి మళ్ళీ లోపలికే వెళ్ళాలి.